కోవెలకుంట్ల సబ్‌జైలు దావా: కింద ఎందుకు పోయింది, పైన ఎలా నెగ్గింది?

సర్కారు మీద దావా వేసి గెలిచారంటే పల్లెల్లో ఇప్పటికీ ఒక పట్టాన ఎవరూ నమ్మరు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదువా అన్న సామెత ఊరికే పుట్టలేదు. అయితే కింది కోర్టులో వీగిపోయిన అలాంటి దావా ఒకటి, సంఘటన జరిగిన ఇరవై మూడేళ్ళకు సుప్రీంకోర్టులో నిలిచి గెలిచింది. అది పుట్టింది మన కోవెలకుంట్లలోనే. అప్పట్లో ఈ ఊరు కర్నూలు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాల విభజన తరువాత నంద్యాల జిల్లాలోకి వచ్చింది. దేశంలోని లా కాలేజీల్లో ఈ కేసును పాఠంగా చెబుతున్నారు. మన ప్రాంతంలో మాత్రం దాన్ని ముఠా కక్షల నాటి ఒక హత్యగానే చెప్పుకుంటారు. ఆ తరువాత కోర్టుల్లో ఏం జరిగిందో తెలిసినవారు తక్కువ.

1977 మే 5వ తేదీ రాత్రి గడిచి 6వ తేదీ తెల్లవారుజామున మూడున్నర గంటల ప్రాంతంలో కొందరు దుండగులు కోవెలకుంట్ల సబ్‌జైలు ఆవరణలోకి చొరబడ్డారు. ఏడో నంబరు గదిలోకి బాంబులు విసిరారు. ఆ గదిలో చల్లా చిన్నప్పరెడ్డి, ఆయన కుమారుడు చల్లా రామకృష్ణారెడ్డి ఉన్నారు. అవుకు పోలీసు స్టేషనులో నమోదైన ఒక కేసులో తండ్రీకొడుకులిద్దరినీ రిమాండు చేసి అక్కడ ఉంచారు. తీవ్రంగా గాయపడిన చిన్నప్పరెడ్డి ఆసుపత్రిలో మరణించారు. కుమారుడు గాయాలతో బయటపడ్డారు. ఆయన ఆ తరువాతి కాలంలో శాసనసభ్యుడయ్యారు. 2021 జనవరిలో మరణించారు.

ఇందులో ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. చనిపోయిన వ్యక్తి ఇంట్లో లేడు, పొలంలో లేడు, బజారులో లేడు. కోర్టు ఉత్తర్వు మీద ప్రభుత్వం తాళం వేసిన గదిలో ఉన్నాడు. తలుపు తీసుకుని పారిపోయే వీలు లేదు. తనను కాపాడుకోవడానికి మనుషులను పెట్టుకునే వీలూ లేదు. ఆయన ప్రాణానికి కాపలా అంటూ ఉంటే అది ప్రభుత్వం పెట్టిన కాపలాయే.

తమ ప్రాణాలకు ముప్పు ఉన్నదని తండ్రీకొడుకులు ముందే అధికారులకు తెలియజేశారని, బందోబస్తు పెంచమని కోరినా తగిన కాపలా పెట్టలేదని కుటుంబం వారి ఆరోపణ. రామకృష్ణారెడ్డి, ఆయన నలుగురు సోదరులు, తల్లి కలిసి రాష్ట్ర ప్రభుత్వం మీద పది లక్షల రూపాయల పరిహారానికి దావా వేశారు. బాంబులు వేసిన వారి మీద క్రిమినల్ కేసు వేరు, ఈ దావా వేరు. చంపినవాడిని శిక్షించమని ఇందులో అడగలేదు. కాపాడవలసినవాడు కాపాడలేదు కాబట్టి నష్టం కట్టించమని అడిగారు.

రెండు అడ్డుగోడలు

కింది కోర్టు దావా కొట్టివేసింది. అందుకు అడ్డువచ్చినవి రెండు. ఒకటి కాలదోషం. రెండవది ప్రభుత్వానికి ఉన్నదని చెప్పిన సార్వభౌమ రక్షణ.

కాలదోషం మాట ముందు చూద్దాం. చట్టం ప్రకారం విధి నిర్వహణలో అధికారి చేసిన పనివల్లగాని, చేయకుండా వదిలిన పనివల్లగాని నష్టం కలిగితే, పరిహారానికి ఏడాదిలోగా దావా వేయాలని 1963 నాటి కాలపరిమితి చట్టం 72వ అధికరణం చెబుతుంది. ఇంట్లో మనిషి పోయిన కుటుంబానికి ఏడాది అంటే ఎంత? కర్మకాండలు, క్రిమినల్ కేసు వాయిదాలు, సాక్షుల చుట్టూ తిరుగుడుతోనే గడిచిపోతుంది. దావా సంగతి తట్టేసరికి గడువు దాటి ఉంటుంది. కోవెలకుంట్ల దావాకు కూడా ఈ ఏడాది గడువే వర్తిస్తుందని, అది దాటిపోయిందని కింది కోర్టు భావించింది.

రెండవ గోడ ఇంకా ఎత్తైనది. అరెస్టు చేయడం, రిమాండులో ఉంచడం, జైలు నడపడం సార్వభౌమాధికారంతో చేసే పనులని, వాటిలో ఉద్యోగులు అజాగ్రత్తగా ఉన్నా పరిహారం కట్టే బాధ్యత సర్కారుకు లేదని ప్రభుత్వం వాదించింది. తప్పు జరగలేదని అనడం ఒకటి. జరిగినా మమ్మల్ని అడగకూడదనడం మరొకటి. ఈ రెండో మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి, కలకత్తా దాకా వెళ్ళాలి.

గుర్రం బెదిరిన కథ

ఈస్టిండియా కంపెనీ పాలన 1858లో ముగిసింది. ఆ తరువాత మూడేళ్ళకు, 1861లో, కలకత్తా సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఖిద్దర్‌పూర్‌లోని ప్రభుత్వ ఓడల కార్ఖానా మీదుగా ఒక స్టీమరు కంపెనీ వారి గుర్రపు బండి వెళుతున్నది. ప్రభుత్వ పనివారు ఓడకు సంబంధించిన పెద్ద ఇనుప సామాను మోసుకుపోతూ దారికి అడ్డంగా వచ్చి, బండిని చూసి కంగారుపడి దాన్ని కింద పడేశారు. ఆ చప్పుడుకు గుర్రం బెదిరి గాయపడింది. కంపెనీ 350 రూపాయలు నష్టం కట్టమని అడిగింది. ప్రధాన న్యాయమూర్తి సర్ బార్న్స్ పీకాక్ కట్టవలసిందేనన్నారు.

అంటే ఈ కేసులో ఓడింది ప్రభుత్వమే. కాని తీర్పులో ఒక తేడా చెప్పారు. ఓడలకు మరమ్మతు చేయడం వంటి పని ప్రైవేటు వాళ్ళు కూడా చేయగలరు కాబట్టి అందులో ప్రభుత్వం బాధ్యత వహించాలి. ప్రభుత్వం తప్ప మరెవరూ చేయలేని పనులు, అంటే సార్వభౌమాధికారంతో చేసే పనులు వేరు, వాటికి బాధ్యత లేదు. ఈ ఒక్క మాటే తరువాత వంద సంవత్సరాలకు పైగా గోడగా నిలిచింది. గుర్రానికి న్యాయం జరిగిన తీర్పులోనుంచి మనుషులకు న్యాయం చెప్పకుండా తప్పించుకునే దారి దొరకడం విచిత్రమే.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 300వ అధికరణంలో ప్రభుత్వాల మీద దావా వేయవచ్చునని రాశారు. అయితే ఏ మేరకు? పూర్వం ఉన్న ప్రభుత్వాల మీద ఏ మేరకు వేయగలిగేవారో ఆ మేరకే. ఆ పూర్వపు ప్రభుత్వాల సంగతి చూస్తే మళ్ళీ కంపెనీ నాటి లెక్కే. కొత్త చట్టం చేసుకునేదాకా పాత లెక్క సాగుతుందన్నారు.

జీపుకొక న్యాయం, బంగారానికొక న్యాయం

ఈ లెక్క ఎలా నడిచిందో తెలియడానికి రెండు కేసులు చాలు. 1952లో రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో కలెక్టరుగారి జీపు మరమ్మతు ముగిసి తిరిగి వస్తుండగా రోడ్డున పోయే మనిషిని గుద్దింది. ఆయన చనిపోయారు. ఆ కుటుంబానికి 15,000 రూపాయలు ఇవ్వమన్న తీర్పును 1962లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. జీపు నడపడం ఎవరైనా చేసే పనే కదా అని.

రెండవది మీరట్‌లో జరిగింది. 1947 సెప్టెంబరు 20వ తేదీ అర్ధరాత్రి అమృత్‌సర్ నుంచి ఒక వ్యాపారి బంగారం, వెండి అమ్ముకోవడానికి రైలు దిగాడు. బజారులో పోలీసులు అనుమానం మీద పట్టుకుని స్టేషనులో పెట్టారు. మరునాడు వదిలారు. వెండి తిరిగి ఇచ్చారు. నూటమూడు తులాల పైచిలుకు బంగారం మాత్రం ఇవ్వలేదు. స్టేషను మాల్‌ఖానా బాధ్యత చూసే హెడ్ కానిస్టేబులు ఆ బంగారం కాజేసి పాకిస్తాన్ పారిపోయాడు. కంచే చేను మేసిందనడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు.

ఆ వ్యాపారి సంస్థ దావా వేసింది. కింది కోర్టు డిక్రీ ఇచ్చింది. అలహాబాదు హైకోర్టు కొట్టివేసింది. 1964 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా కొట్టివేసింది. పోలీసులు అజాగ్రత్తగా ఉన్నారని కోర్టు ఒప్పుకున్నది. అయినా అరెస్టు, సోదా, సొత్తు స్వాధీనం సార్వభౌమాధికారపు పనులు కాబట్టి ప్రభుత్వం కట్టనక్కరలేదన్నది. తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్‌కు ఈ ఫలితం రుచించలేదు. ఈ విషయంలో చట్టం చేయాలని చట్టసభలకు సూచించారు. 1956లోనే లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికలో ఇదే సిఫారసు చేసి ఉన్నది. 1965లో ఒకసారి, 1967లో ఒకసారి బిల్లులు వచ్చాయి. రెండూ చట్టం కాకుండానే మురిగిపోయాయి.

జీపు గుద్దితే సొమ్ము వస్తుంది, పోలీసుల దగ్గర సొత్తు పోతే రాదు. చదువురాని రైతుకు ఈ తేడా చెప్పి ఒప్పించగల ప్లీడరు ఉంటాడని అనుకోలేము. కాని దేశంలోని కోర్టులన్నీ మీరట్ తీర్పును చూపి దావాలు కొట్టివేయడానికి వీలు కలిగింది. కోవెలకుంట్ల దావా ముందు నిలిచిన గోడ కూడా అదే.

కావలి ఎరువుల గోదాము

ఈ గోడకు మొదటి పెద్ద బీట పెట్టింది కూడా మన రాష్ట్రం కేసే కావడం విశేషం. నెల్లూరు జిల్లా కావలిలో 1975 ఆగస్టులో ఎరువులు, ధాన్యం వ్యాపారం చేసే ఒకాయన సరుకును విజిలెన్సు అధికారులు స్వాధీనం చేసుకున్నారు. నిత్యావసర వస్తువుల చట్టం కింద కేసు పెట్టారు. ఎరువులను అమ్మి పెట్టే పని వ్యవసాయ శాఖ అధికారికి అప్పగించారు. ఆయన అమ్మలేదు. వ్యాపారి ఎన్నిసార్లు రాసుకున్నా కదలలేదు. ఎరువు సంగతి మన రైతులకు చెప్పనక్కరలేదు. తేమ తగిలితే గడ్డకడుతుంది, కరుగుతుంది, తూకం తగ్గుతుంది. 1976 జూన్‌లో కలెక్టరు కొంత భాగం మాత్రమే జప్తు చేసి మిగతా సరుకు వదలమన్నారు. తీసుకుందామని వెళితే సరుకు పాడైపోయి ఉన్నది.

ఆయన లక్షా ఆరు వేల రూపాయల చిల్లరకు దావా వేశారు. కింది కోర్టు డిక్రీ ఇచ్చింది. హైకోర్టు మీరట్ తీర్పును చూపి కొట్టివేసింది. 1994 సెప్టెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును రద్దు చేసి ఆయనకు సొమ్ము ఇప్పించింది. జస్టిస్ ఆర్.ఎం. సహాయ్ రాసిన ఆ తీర్పులో, సంక్షేమ రాజ్యంలో సర్కారు ఎన్నో పనులు చేస్తుందని, అన్నింటికీ సార్వభౌమాధికారం పేరు పెట్టి ప్రజల నష్టం పట్టించుకోకుండా ఉండటం కుదరదని చెప్పారు. అయితే శాంతిభద్రతలు, నేరాల అణచివేత వంటి పనుల మాట కొంతవరకు అలాగే మిగిలింది. సబ్‌జైలు కాపలా ఆ మిగిలిన దానిలోదే.

ఏడో నంబరు గది హైకోర్టుకు

కావలి తీర్పు ఇంకా రాకముందే కోవెలకుంట్ల కుటుంబం అప్పీలు హైదరాబాదులోని హైకోర్టులో విచారణకు వచ్చింది. 1989 నాటి న్యాయ నివేదికల్లో ఆ తీర్పు ఉన్నది. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి అడిగిన ప్రశ్న పాత పద్ధతిలో లేదు. ఈ పని సార్వభౌమాధికారపు పనా, కాదా అన్న తూకం దగ్గర ఆగలేదు. మనిషి ప్రాణం చట్టం నిర్ణయించిన పద్ధతిలో తప్ప తీయరాదని రాజ్యాంగం 21వ అధికరణం చెబుతున్నప్పుడు, కంపెనీ నాటినుంచి వచ్చిన ఒక రక్షణ ఆ హక్కును మింగగలదా అన్నది ప్రశ్న. ప్రాథమిక హక్కుకే భంగం కలిగినప్పుడు సార్వభౌమ రక్షణ పనికిరాదని తీర్పు చెప్పారు.

కాలదోషం గోడను కూడా హైకోర్టు తీసివేసింది. ఇది పైకి చిన్న విషయంగా కనిపిస్తుంది, కాని దావాలు వేసేవారికి ఇదే ముఖ్యం. చట్టం చెప్పిన పని చేయబోయి చేసిన తప్పులకే ఆ ఏడాది గడువు. ముప్పు ఉన్నదని ముందే తెలిసి కూడా కాపలా ఉపేక్షించడం చట్టాన్ని అమలు చేయడం కిందికి రాదు. కాబట్టి దానికి 72వ అధికరణం కాదు, మూడేళ్ళ గడువునిచ్చే 113వ అధికరణం వర్తిస్తుందన్నారు. కుటుంబానికి 1,44,000 రూపాయలు, దానిపై వడ్డీ ఇవ్వమని డిక్రీ చేశారు.

ప్రభుత్వం ఊరుకోలేదు. సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. అక్కడ మరో పదేళ్ళు పట్టింది. 2000 ఏప్రిల్ 26వ తేదీన ఆ అప్పీలును కొట్టివేశారు. తీర్పు రాసినది జస్టిస్ సగీర్ అహ్మద్. ఖైదీ శిక్షపడినవాడైనా, విచారణలో ఉన్నవాడైనా, మనిషి కాకుండా పోడని, జైలులో ఉన్నంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని చెప్పారు. రాజు తప్పు చేయడన్న ఇంగ్లీషు వారి సూత్రానికి ప్రజలే ప్రభువులైన మన దేశంలో చోటు లేదన్నారు. మీరట్ తీర్పుకు ఇక కట్టుబడవలసిన విలువ మిగలలేదని కూడా అదే తీర్పులో రాశారు. ఆ విధంగా అర్ధరాత్రి పోయిన మీరట్ బంగారం కేసును కోవెలకుంట్ల సబ్‌జైలు కేసు పక్కకు నెట్టింది.

అడిగింది పది లక్షలు, వచ్చింది లక్షా నలభై నాలుగు వేలు. పట్టినవి ఇరవై మూడు సంవత్సరాలు. 1977లో లక్ష రూపాయలకు ఎన్ని ఎకరాలు వచ్చేవో, 2000లో ఎన్ని వచ్చేవో ఈ తాలూకా రైతులు వేసుకోగల లెక్కే. వడ్డీ ఉన్నా ఆ లెక్క సరిపోదు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడని పెద్దలు అన్నది ఇలాంటివి చూసే. అయినా ఈ కేసు ఆ ఒక్క కుటుంబానిదే కాకుండా పోయింది. లాకప్పులో, జైలులో మనిషి చనిపోతే ప్రభుత్వం మాకు సంబంధం లేదనడానికి వీలు లేకుండా చేసిన తీర్పుల్లో ఇదొకటి.

దావా కాకుండా మరో దారి

ఇలాంటి వాటికి సివిల్ దావాయే కాకుండా రిట్ పిటిషన్ అనే దారి కూడా ఇదే కాలంలో తెరుచుకుంది. బీహారులో రుదల్ షా అనే ఆయనను 1968లో కోర్టు నిర్దోషి అని వదిలినా 1982 దాకా, పద్నాలుగేళ్ళకు పైగా, జైలులోనే ఉంచారు. 1983లో సుప్రీంకోర్టు ఆయనకు పరిహారం నేరుగా ఇప్పించింది. ఒరిస్సాలో పోలీసులు తీసుకుపోయిన ఇరవై రెండేళ్ళ కుర్రవాడి శవం మరునాడు రైలు పట్టాల మీద దొరికింది. ఆ తల్లి సుప్రీంకోర్టుకు ఉత్తరం రాసుకుంది. దాన్నే పిటిషనుగా తీసుకుని 1993లో లక్షా యాభై వేల రూపాయలు ఇప్పించారు. ప్రాథమిక హక్కు భంగమైన చోట సార్వభౌమ రక్షణ వాదన చెల్లదని ఆ తీర్పులో స్పష్టంగా చెప్పారు. దావాకు కోర్టు ఫీజు కోరిన సొమ్మును బట్టి పెరుగుతుంది, సాక్ష్యం మొదటినుంచి నడవాలి. రిట్‌లో ఆ భారం తక్కువ. కాని జరిగిన సంగతుల మీదే తగాదా ఉంటే హైకోర్టు, సివిల్ కోర్టుకు వెళ్ళమని పంపడం కూడా మామూలే.

చెట్టు పడితే పోయింది, తీగ తెగితే వచ్చింది

సార్వభౌమ రక్షణ పోయినంత మాత్రాన స్థానిక సంస్థల మీద వేసిన దావాలన్నీ గెలుస్తాయనుకుంటే పొరపాటు. గుజరాత్‌లో రాజ్‌కోట్ కార్పొరేషను మీద వేసిన దావా అందుకు సాక్ష్యం. పక్క ఊరినుంచి రోజూ రైలు పాసు మీద వచ్చి రాజ్‌కోట్‌లో ఉద్యోగం చేసుకునే ఒకాయన మీద 1975 మార్చిలో, ఆఫీసుకు నడిచి వెళుతుండగా, రోడ్డు పక్క చెట్టు విరిగి పడింది. ఆసుపత్రిలో చనిపోయారు. భార్యాపిల్లలు లక్ష రూపాయలకు దావా వేస్తే కింది కోర్టు 45,000 రూపాయలకు డిక్రీ ఇచ్చింది. హైకోర్టు సమర్థించింది. 1997లో సుప్రీంకోర్టు దావా కొట్టివేసింది. పైకి బాగానే కనిపించే చెట్టు హఠాత్తుగా పడితే, ప్రతి చెట్టునూ పరీక్షిస్తూ ఉండే బాధ్యతను దారిన పోయే ఒక్కొక్కరి పట్ల కార్పొరేషను మీద మోపలేమన్నది ఆ తీర్పు సారాంశం. చెట్టు ఎండిపోయిందని ఎవరైనా ముందుగా రాసి ఇచ్చి, ఆ కాగితం కార్పొరేషను ఫైలులో ఉండి ఉంటే వాదన వేరుగా నడిచేదని మాకనిపిస్తుంది.

అదే కరెంటు తీగ అయితే లెక్క మారుతుంది. 1997 ఆగస్టులో మధ్యప్రదేశ్‌లో ఒకాయన రాత్రి పూట సైకిలు మీద ఇంటికి వస్తూ, వాన నీటిలో తెగిపడి ఉన్న తీగ తగిలి చనిపోయారు. ఎవరో దొంగతనంగా కరెంటు లాగడం వల్లనే తీగ తెగిందని విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఇంత ప్రమాదకరమైన వస్తువును ఊరి మీదుగా నడిపేవారు, తమ అజాగ్రత్త ఉన్నా లేకపోయినా బాధ్యత వహించాలన్నది. పొలాల్లో తీగలు వేలాడుతున్న ఊళ్ళవారు ఈ కేసు గుర్తుంచుకోవడం మంచిది.

దావా వేయదలచినవారికి

ఈ కేసులన్నీ చూస్తే ఒకటి తెలుస్తుంది. దావాలు వీగిపోయింది అన్యాయం జరగలేదని కాదు. గడువు దాటింది, నోటీసు లేదు, బాధ్యత రుజువు కాలేదు, ఇవే ఎక్కువగా దెబ్బతీసేవి. వీటిలో మొదటి రెండు మన చేతిలో ఉన్నవే.

ప్రభుత్వం మీదగాని, అధికార హోదాలో చేసిన పనికి ఉద్యోగి మీదగాని దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను కింద రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రాష్ట్ర ప్రభుత్వం మీదైతే నోటీసు ప్రభుత్వ కార్యదర్శికిగాని, జిల్లా కలెక్టరుకుగాని అందజేయాలి. అందులో పేరు, చిరునామా, ఏం జరిగింది, ఏం కోరుతున్నాము అన్నవి ఉండాలి. మరీ అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండానే దావా వేసుకునే వెసులుబాటు 1976 సవరణలో వచ్చింది. నోటీసుకు పట్టిన ఆ రెండు నెలలను గడువు లెక్కలోనుంచి మినహాయిస్తారు. పంచాయతీలు, మునిసిపాలిటీల మీద వేసే దావాలకు వాటి వాటి చట్టాల్లో నోటీసు నిబంధనలు వేరే ఉంటాయి కాబట్టి ప్లీడరును అడిగి తెలుసుకోవాలి.

గడువు విషయంలో కోవెలకుంట్ల కుటుంబానికి మూడేళ్ళు దొరికాయి కదా అని ధీమాగా ఉండరాదు. ఆ కేసులో ఉన్న పరిస్థితులను బట్టి అలా తేల్చారు. మామూలుగా ఏడాది గడువే తమకు వర్తిస్తుందనుకుని బయలుదేరడం క్షేమం. మనిషి చనిపోయిన కేసుల్లో 1855 నాటి ప్రాణాపాయ ప్రమాదాల చట్టం కింద వారసులు వేసే దావాకు రెండేళ్ళ గడువు. ఏ దావా ఏ చట్టం కింద వేయాలన్నది ఆలస్యం చేయకుండా మొదటి నెలల్లోనే తేల్చుకోవాలి.

అర్జీల సంగతి మరొకటి. కోవెలకుంట్ల కేసు నిలిచింది ముప్పు ఉన్నదని అధికారులకు ముందే తెలుసునన్న విషయం మీద. నోటిమాటగా చెప్పినది సాక్ష్యంలో నిలబడటం కష్టం. తీగ వేలాడుతున్నదని, కాలువ గట్టు తెగేలా ఉన్నదని, మనిషికి ప్రాణభయం ఉన్నదని అధికారికి చెప్పేటప్పుడు రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే రిజిస్టరు పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి.

ఫీజు కట్టుకోలేని వారికి 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఉచితంగా ప్లీడరును ఇస్తారు. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఇందుకు అర్హులు. మిగతా వారికి ఆదాయ పరిమితి ఉంటుంది. ఈ ప్రాంతంలో కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల కమిటీలో తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. జైలులో ఉన్నవారి తరఫున వారి బంధువులు కూడా ఇవ్వవచ్చు.